కిరసనాయిలు: దాని మేలును, కీడును

రాజుల చరిత్రములు వ్రాయుటకు మనలో పండితులు కలరు. యుద్ధముల చరిత్రములు చదువుటకు విద్యార్థులు కలరు. వంటయింటి మూలలో, పొయ్యికి కొంచెము ఎడముగా, గుడ్డపీలికతో మూతి బిగించియుంచిన సీసాకు గూడ నొక చరిత్రము కలదని తలచువారు మాత్రము తక్కువ. నూరేండ్లకు పైగా తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల గ్రామములలో రాత్రివేళ జరిగిన చదువు, వంట, పెండ్లి, పురుడు, నాటకము, దొంగతనము, సమస్తమును ఆ సీసాలోని నూనె వెలుతురుననే జరిగినవి. ఆ వెలుతురుతో పాటు కొన్ని చావులును జరిగినవి. నేడు ఆ సీసా మన యిండ్లనుండి దాదాపుగా వెడలిపోయినది. వెడలిపోయిన యతిథిని గూర్చి ముఖస్తుతి లేకుండ, నింద లేకుండ మాటలాడుట సులభము. కావున కిరసనాయిలు మనకు చేసిన మేలెంత, కీడెంత, ఆ కీడులో నూనె పాలెంత, మన పాలెంత యని విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట వస్తుస్వరూపము తెలియవలెను. కిరసనాయిలు భూమిలోనుండి తీసిన ముడిచమురును కాచి బట్టీపట్టగా వచ్చు ద్రవము. ముడిచమురును వేడిచేసినపుడు మొదట పెట్రోలువంటి తేలిక పదార్థములు ఆవిరియై వచ్చును. తరువాత సుమారు 150 డిగ్రీలు మొదలు 300 డిగ్రీల వరకు గల వేడిమిలో వచ్చునది కిరసనాయిలు. కర్బనము, ఉదజని యను రెండు మూలపదార్థముల కూడికలే యిందులో ముఖ్యముగా నుండును. ఇది నీటికంటె తేలిక, నీటితో కలియదు. దీనికి మండు గుణము గలదని యందరెరుగుదురు. దీనికి గల రెండవ గుణము ద్రావణ గుణము. నీరు ఉప్పును కరిగించును, పంచదారను కరిగించును, జిడ్డును మాత్రము కరిగింపజాలదు. కిరసనాయిలు జిడ్డును, మైనమును, తారును, రంగుమరకను తనలో కరిగించుకొనును. సైకిలు గొలుసు తుడుచువాడును, తలుపులకు రంగువేయువాడును, అచ్చుయంత్రముపై సిరా కడుగువాడును దీనిని వాడినది యిందుచేతనే. ఈ రెండవ గుణమును మరచుటవలననే మన యిండ్లలో ననేక ప్రమాదములు కలిగినవని ముందు చూడగలము.

ఈ పేరు మనది కాదు. 1846లో అబ్రహాం గెస్నరు అను కెనడా దేశపు భూగర్భశాస్త్రజ్ఞుడు బొగ్గునుండి యొక దీపపు నూనెను బట్టీపట్టి, మైనమను నర్థముగల గ్రీకుపదమునుండి దానికి పేరు పెట్టెను. ఆ పేరునకు ఇంగ్లీషువారు నూనె యను తమ మాటను చేర్చి పలుకగా, మనవారు రెంటిని గలిపి కిరసనాయిలు అనిరి. తెలంగాణమున దీనిని గ్యాసునూనె యందురు. 1859లో అమెరికాయందలి పెన్సిల్వేనియాలో ఎడ్విన్ డ్రేకు నేలలో గొట్టము దించి ముడిచమురు తీసిన పిమ్మట ఈ నూనె లోకమంతటికి సరకైనది.

అంతకు పూర్వము మన యిండ్లలో వెలిగినది ఆముదపు దీపము. ప్రమిదలో ఆముదము, అందులో ప్రత్తివత్తి. ఆ నూనె ఊరిలోని గానుగనుండియో, ఇంటి పెరటిలోని కుండనుండియో వచ్చెడిది. ఆముదము చిక్కనిది; ప్రమిద దొర్లి నేలపై నొలికినను అంత సులభముగా మంట పట్టదు. కాని దాని వెలుగు కొద్దిపాటిది. ఆ వెలుగులో చిన్న యక్షరముల పుస్తకమును రాత్రి రెండుజాములవరకు చదువుట సామాన్యులకు సాధ్యము కాదు. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెనను మన సామెత పుట్టినకాలపు దీపము ఎంత స్వల్పకాలముండెడిదో తలచుకొనుడు.

కిరసనాయిలు మొదట అమెరికానుండి వచ్చెను. తరువాత రష్యానుండి వచ్చెను. 1892లో మ్యూరెక్సు అను ఓడ రష్యా నూనెను తన గర్భమునందే నింపుకొని సూయజు కాలువను దాటి తూర్పుదేశములకు వచ్చుటతో, డబ్బాలలో గాక ఓడకు ఓడగా నూనె తెచ్చు వ్యాపారము బలపడెను. ఈలోగా 1886లో స్థాపింపబడిన బర్మా ఆయిల్ కంపెనీ యెనాంజావు బావులలో నూనె తీసి, రంగూను సమీపమందలి సిరియము కర్మాగారములో శుద్ధిచేయుచుండెను. అప్పుడు బర్మా హిందూదేశములో భాగము. 1937 ఏప్రిలు 1వ తేదీన గాని వేరుపడలేదు. ఆ సిరియము కర్మాగారములో పనిచేసిన కూలీలలో తెలుగువారు హెచ్చు. సముద్రము దాటి పోయిన తెలుగు కూలివాడు అక్కడ కాచిన నూనె, ఇక్కడ వాని తల్లి గుడిసెలో దీపమై వెలిగినదన్నమాట. 1928లో బర్మా కంపెనీయు షెల్ కంపెనీయు కలిసి బర్మాషెల్ అను పేర హిందూదేశమున అమ్మకములు సాగించినవి.

రేవులో దిగిన నూనె పల్లెకు చేరుటకు త్రోవ కావలెను గదా. మన ప్రాంతమున ఆ త్రోవలు అప్పటికే సిద్ధముగా నుండెను. 1852 మొదలు 1855 వరకు బెజవాడ యొద్ద కృష్ణకు కట్టిన ఆనకట్ట వలన కాలువలు పారెను. ఆ కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు మార్గములును అయ్యెను. దుగ్గిరాలనుండి పెదగంజాము వరకు సాగు కొమ్మమూరు కాలువ బకింగుహాము కాలువతో గలిసి చెన్నపట్టణమువరకు జలమార్గమిచ్చెను. 1899లో బెజవాడ చెన్నపట్టణములకు రైలుమార్గము కలిసెను. 1916లో గుంటూరు, తెనాలి, రేపల్లెలను కలుపు శాఖామార్గము వచ్చెను. అటుపిమ్మట సముద్రతీరపు పల్లెకు గూడ కిరసనాయిలు డబ్బా చేరుటకు కష్టము లేకపోయెను.

ఆ డబ్బాను గూర్చి యొకమాట చెప్పవలెను. నాలుగు గ్యాలనుల నూనె పట్టు చదరపు రేకుడబ్బా యది. నూనె అయిపోయిన తరువాత దాని రెండవ జన్మ మారంభమగును. పైరేకు కోసి అడ్డముగా కర్ర బిగించినచో నీళ్ల డబ్బా యగును. రెంటిని కావడికి కట్టిన మంచినీళ్లు మోయువాని జీవనోపాధి యగును. మూతపెట్టిన పప్పుదినుసుల డబ్బా యగును. విప్పి చదును చేసిన గుడిసెకు తడిక యగును. కుమ్మరివాని కుండకు పోటీగా వచ్చిన వస్తువులలో నిది మొదటివానిలో చేరినది. పల్లెలోని పేదయింట కంపెనీవారి సరకుకంటె కంపెనీవారి డబ్బాయే యెక్కువకాలము నిలిచినది.

ఇక వెలుతురు. చిమ్నీగల లాంతరు వచ్చిన తరువాత రాత్రికి పొడవు పెరిగినది. పగలంతయు పొలములో పనిచేసినవాడు రాత్రి పలక పట్టుకొనుటకు వీలు చిక్కినది. హరిజనవాడలలోను, కూలివాడలలోను సంస్కర్తలు నడపిన రాత్రిబడులకు లాంతరే సరస్వతి. గ్రంథాలయోద్యమము మన జిల్లాలో వ్యాపించినదియు నీ వెలుతురుననే. 1935లో పాతూరి నాగభూషణము గారు తెనాలి తాలూకాలోని పెదపాలెము కేంద్రముగా కృష్ణకాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిరి; పడవ ఆగిన ఊరివారు పుస్తకములు తీసికొని, పొలమునుండి వచ్చిన పిమ్మట దీపముముందు కూర్చుండి చదువుకొనవలసినదే గదా. నాటకములకును ఇదియే ఆధారము. 1910లో జర్మనీలో పుట్టిన పెట్రోమాక్సు దీపము గాలి యొత్తిడితో కిరసనాయిలును ఆవిరిచేసి తెల్లని కాంతినిచ్చెను. బాపట్లలో జన్మించి తెనాలి రామవిలాస సభలో స్త్రీపాత్రలు ధరించి కీర్తిగాంచిన స్థానం నరసింహారావు గారి కాలమున, విద్యుత్తు లేని ఊళ్లలో రంగస్థలమునకు ఆ దీపములే సూర్యచంద్రులు.

దీని ద్రావణ గుణమును, నీటిపై తేలు గుణమును మన రైతులును బాగుగా ఉపయోగించుకొనిరి. వరిచేలలో ఆకును చుట్టుకొని గొట్టముచేసికొను పురుగు పడినపుడు, మడిలోని నీటిపై కొంచెము కిరసనాయిలు చల్లి, ఇద్దరు మనుష్యులు ఇరుప్రక్కల నిలిచి తాడును పైరుమీదుగా లాగుకొని పోయెడివారు. గొట్టములు నీటిలో పడును. నూనెపొర తగిలి పురుగులు చచ్చును. సబ్బునీటితో కిరసనాయిలును చిలికి పేనుబంకపై చల్లుటయు కలదు. దోమల విషయములో దీని యుపకారము మరింత పెద్దది. 1892లో అమెరికాలో లేలండు హోవర్డు అను కీటకశాస్త్రజ్ఞుడు నిలువనీటిపై కిరసనాయిలు పొర పరచినచో దోమపిల్లలు చచ్చునని ప్రయోగమూలమున చూపెను. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాసు చలిజ్వరపు క్రిమిని దోమ కడుపులో కనుగొనిన పిమ్మట ఆ ప్రయోగమునకు అర్థము హెచ్చినది. దోమపిల్ల నీటిపైకి వచ్చి తోకకొననున్న గొట్టముతో గాలి పీల్చును. నూనెపొర అందుకు అడ్డమగును. పందొమ్మిదివందల నలుబదులలో డి.డి.టి. వచ్చినపుడు గూడ దానిని కరిగించి గోడలపై చల్లుటకు వాడిన ద్రావణులలో కిరసనాయిలొకటి. డి.డి.టి. నీటిలో కరగదు, ఈ నూనెలో కరగును. అయినను చేప పెరుగు చెరువులో, పశువు త్రాగు గుంటలో నూనె పోయుట మేలు కాదు. దోమపిల్లను చంపునది చేపపిల్లకు మేలుచేయదు.

1942వ సంవత్సరము ఈ కథలో నొక మలుపు. జపానుసేనలు రంగూనును సమీపింపగా, శత్రువునకు చిక్కకుండ మార్చినెలలో సిరియము కర్మాగారమును, ఏప్రిలులో యెనాంజావు బావులను ఇంగ్లీషువారే ధ్వంసముచేసిరి. అక్కడి తెలుగువారు అడవులు, కొండలు దాటి నడచి స్వదేశము చేరవలసివచ్చెను, చేరనివారు అనేకులు. బర్మా నూనె ఆగిపోవుటతో ఇక్కడ దీపములు కుంచించుకొనెను. ఆ యేడే ఆగస్టు 12వ తేదీన తెనాలిలో రైలుస్టేషను తగులబడుటయు, పోలీసు కాల్పులలో ఏడుగురు వీరులు నేలకొరగుటయు జరిగెను. తెనాలి రణరంగచౌకు వారి స్మారకము. నూనె కరవైన ఆ దినములనుండియే కిరసనాయిలునకు కొలత, కార్డు, వరుస అలవాటైనవి. స్వాతంత్ర్యానంతరము గూడ చౌకడిపోముందు సీసాతో, గరాటాతో నిలుచున్న స్త్రీల వరుస మన వీథులకు చిరకాల దృశ్యమై యుండెను. పేదలకిచ్చు నూనె దొంగబజారునకు పోకుండ దానికి నీలిరంగు కలిపిరి. అయినను ఆ నూనె డీసిలులో కలియుట మానలేదు. చవుక సరకును ప్రియమైన సరకులో కలుపు వర్తకునకు రంగొక యడ్డము కాదు.

ఇంతవరకు మేలు. ఇక కీడును విచారింతము.

మొదటిది అగ్నిభయము. ప్రతి నూనెకు నొక మట్టపు వేడిమి కలదు. ఆ వేడిమికి చేరినచో నూనెపైనుండి లేచు ఆవిరి నిప్పురవ్వ తగిలిన తక్షణమే అంటుకొనును. మన దేశపు ప్రమాణములను బట్టి కిరసనాయిలునకు ఆ మట్టము 35 డిగ్రీలకు తక్కువగా నుండరాదు. ఈ యంకెను చదువరులు గమనింపవలెను. చలిదేశములలో 35 డిగ్రీలనగా గొప్ప వేడి. బాపట్లలోను, తెనాలిలోను మేనెల పగటియెండ నలుబది దాటు దినములు కలవు. అనగా శీతదేశమున నిర్భయముగా నుండు నూనె, మన వేసవిలో, ఎండ తగులు వరండాలో, మూతలేని డబ్బాలో పెట్రోలుతో సమానముగా ప్రవర్తింపగలదు. దానిలో పెట్రోలు కల్తీచేసినచో చెప్పవలసినదే లేదు. రెల్లుగడ్డియు తాటాకును కప్పిన పూరియిండ్ల వాడలలో వేసవిలో నొకయింట చిందిన దీపము పదియిండ్లను బూడిద చేయుటకు కారణమిదియే. వెలుగుచున్న దీపములోను, మండుచున్న స్టవ్వులోను నూనె పోయరాదని పెద్దలు చెప్పుమాట కేవలము జాగ్రత్త కాదు, శాస్త్రము. నేలపై మండుచున్న కిరసనాయిలుపై నీళ్లు కుమ్మరించిన, నూనె నీటిపై తేలి మంట మరింత దూరము ప్రాకును. ఇసుకయో, తడిపిన గోనెపట్టయో కప్పవలెను. మనిషి బట్టలు అంటుకొనినచో మాత్రము, పరుగెత్తనీయక నేలపై పరుండబెట్టి దొర్లించి, దళసరి నూలుదుప్పటి చుట్టి, మంటారిన వెంటనే కాలినచోట చల్లని నీటిని ఇరువది నిమిషములు ధారగా పోయవలెను. సిరా, పేడ, నూనె, ఇప్పటి పళ్లపొడి ముద్ద, ఇవి యేవియు పూయరాదు.

రెండవది పసిబిడ్డల విషయము. నా బాల్యమున మా బంధువుల యింట జరిగిన సంగతి యొకటి యింతవరకు నన్ను విడువలేదు. వేసవి మధ్యాహ్నము. రెండేండ్ల పిల్లవాడు దాహమై, మూల నున్న సోడాసీసానెత్తి త్రాగెను. అది నీళ్లవలెనే తెల్లగా నుండెను. వాడు ఒక్క గ్రుక్క మ్రింగి దగ్గసాగెను. అమ్మమ్మ పరుగున వచ్చి, ఆ కాలమున తనకు తెలిసిన వైద్యము చేసెను: ఉప్పునీళ్లు త్రాగించి, గొంతులో వ్రేలుపెట్టి కక్కించెను. వాడు కక్కెను. ఇంటివారందరు గండము గడచినదనుకొనిరి. సాయంకాలమునకు ఊపిరి ఎగబోసికొనసాగెను. మరునాడు వాడు లేడు. అమ్మమ్మ తరువాత చాలకాలము బ్రదికెను. తాను చేసిన మేలే బిడ్డను చంపినదని యెవ్వరును ఆమెతో చెప్పలేదు. చెప్పుటకు మాలో నెవ్వరికిని తెలియదు.

అందలి తత్త్వమిది. కిరసనాయిలు కడుపులో నున్నంతకాలము అంత హాని చేయదు. ప్రేగులు దానిని కొద్దిగా మాత్రమే పీల్చుకొనును. అది మిక్కిలి పలుచని ద్రవము, జారుడు గలది. మ్రింగునపుడో కక్కునపుడో కొన్ని బొట్లు శ్వాసనాళములోనికి జారినచో, ఊపిరితిత్తుల లోపలిపొర యంతటను వ్యాపించును. ఆ పొరపై గాలిగదులు ముడుచుకొనిపోకుండ కాపాడు జిడ్డుపదార్థమొకటి యుండును. జిడ్డును కరిగించుట కిరసనాయిలు స్వభావమని మొదటనే చెప్పితిని గదా. సైకిలు గొలుసుపై మనకు మేలుచేసిన గుణమే బిడ్డ ఊపిరితిత్తిలో యముడగును. కావున కిరసనాయిలు త్రాగిన బిడ్డను కక్కింపరాదు. ఉప్పునీరు, పాలు, నూనె, మజ్జిగ యేదియు బలవంతముగా పోయరాదు. తడిసిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బుతో కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. త్రాగిన సీసాను గూడ వెంట తీసికొనిపోవలెను, ఏలయన అందులో పురుగులమందు కలిసియున్నచో వైద్యము వేరు. దగ్గు, ఆయాసము కొన్నిగంటల తరువాత గూడ రావచ్చును గనుక బిడ్డ ఆడుకొనుచున్నాడని ఇంటికి త్రిప్పుకొని రారాదు.

ఆ బిడ్డను చంపినది నూనెయా? అమ్మమ్మయా? రెండును కావు. త్రాగు సీసాలో త్రాగరాని ద్రవమును పోసిన అలవాటు చంపినది. ఒక పాత సీసా విలువయెంత? దానిని పారవేయలేని పొదుపు మన యిండ్లలో ఎంత ప్రియమైన పొదుపో యోచింపుడు.

మూడవది యీ నూనెను మందుగా వాడుట. పేలకు తలనిండ కిరసనాయిలు పట్టించుట, గాయమునకు రాయుట, తేలు కుట్టినచోట అద్దుట పల్లెలలో నుండిన ఆచారములే. చర్మమునకు సహజమైన జిడ్డును ఇది కరిగించివేయును; చర్మము పగిలి, మండి, పుండ్లు పడును. పట్టించిన తలతో ఆడుపిల్ల పొయ్యిముందు కూర్చుండుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు. నాల్గవది పొగ. చిమ్నీ లేని బుడ్డిదీపములో కాలిన నూనెలో నూటికి 7 మొదలు 9 పాళ్లు మసిగా మారునని ఈ శతాబ్దమున శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. దీపముక్రింద చదువుకొన్న పిల్లవాని ముక్కుపుటములలో తెల్లవారి కనబడిన నలుపు ఆ మసియే. ఆ పొగను ఎక్కువగా పీల్చినది వంటయింటి స్త్రీలును, ఒడిలోని బిడ్డలును.

ఐదవదానిని గూర్చి వ్రాయుటకు కలము వెనుదీయును. కాని దీనిని విడిచిన, తక్కినదంతయు వ్రాసి ప్రయోజనము లేదు. 1892లో స్వీడను దేశమున పంపుస్టవ్వు పుట్టినది. వత్తులస్టవ్వుతో పాటు అది మన పట్టణపు వంటయిండ్లలో ప్రవేశించి, కట్టెపొయ్యి పొగనుండి స్త్రీలకు విముక్తి కలిగించినది. అది నిజమైన మేలు. కాని తరువాతి కాలమున వార్తాపత్రికలలో ఒక వాక్యము మాటిమాటికి కనబడసాగెను: స్టవ్వు పేలి కొత్తకోడలు మృతి. స్టవ్వులు పేలుట కలదు. నూనెలో పెట్రోలు కలిసినను, సన్నని రంధ్రము పూడినను, ఒత్తిడి హెచ్చినను ప్రమాదము కలుగును. అయితే అదే స్టవ్వుపై అత్తయు వండును, ఆడుబిడ్డయు వండును. పేలుట మాత్రము కోడలి చేతిలోనే యేల జరుగవలెను? కట్నము బాకీయున్న యింటనే యేల జరుగవలెను? యంత్రమునకు చుట్టరికములు తెలియవు. తెలిసినవారు మనుష్యులే.

మన చట్టములు ఈ ప్రశ్నను మెల్లగా గ్రహించినవి. ఆంధ్రప్రదేశము 1958లోనే వరకట్న నిషేధమునకు శాసనము చేసెను. 1961లో దేశమంతటికి కేంద్రశాసనము వచ్చెను. శాసనమున్నను కట్నము మానలేదు. 1983లో భర్తయు, భర్త బంధువులును పెట్టు క్రూరహింస శిక్షార్హమైన నేరమని శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షను చేర్చిరి. 1986లో 304-బి సెక్షను చేర్చి, వివాహమైన ఏడేండ్లలోపల కాలినగాయములవలనగాని అసహజముగాగాని స్త్రీ మరణించి, అంతకు కొంచెము ముందు కట్నమునకై ఆమెను హింసించినట్లు రుజువైనచో, దానిని వరకట్న మరణముగా భావించునట్లు నిర్ణయించిరి. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ రెండు విధులును 85, 80 సెక్షనులుగా నున్నవి. శాసనకర్తలు కాలినగాయములను పేరుపెట్టి చెప్పుట గమనింపదగినది. మన గృహముల చరిత్రము శిక్షాస్మృతిలోనికి ఎక్కిన విధమిది.

ఇప్పుడు కిరసనాయిలు వెడలిపోవుచున్నది. విద్యుద్దీపము లాంతరును త్రోసినది. 1999లో మన రాష్ట్రమున దీపము పథకముక్రింద పేద స్త్రీలకు వంటగ్యాసు ఇచ్చిరి. 2016లో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథకము వచ్చెను. చౌకడిపోలముందు నీలినూనె వరుసలు గతచరిత్ర యైనవి. 2022లో బాపట్ల జిల్లాకేంద్రమై, రేపల్లె అందు చేరి, తెనాలి గుంటూరుజిల్లాలోనే నిలిచిన యీ కాలమున, ఆ ప్రాంతపు చిన్నపిల్లలు లాంతరును చూడవలెనన్న పెద్దల అటకపై వెదకవలసినదే.

నూనె పోయినంతమాత్రమున భయము పోయినదా? రంగులలో కలుపు థిన్నరు వచ్చినది, టర్పెంటైను ఉన్నది, బండినుండి తీసిన పెట్రోలు మంచినీళ్ల సీసాలో వంటయింటి గట్టుపై నిలుచున్నది. ఇవన్నియు ద్రావణులే, కిరసనాయిలుకు చుట్టములే. 2020లో మహమ్మారి కాలమున చేతులు శుభ్రపరచు స్పిరిటు ఇంటింట ప్రవేశించెను. ఆ యేడు జూలై చివర, మద్యపు దుకాణములు మూయబడియున్న వేళ, ప్రకాశము జిల్లా కురిచేడులో ఆ ద్రవమును త్రాగి పదిమందికి పైగా మరణించిరి. చేతికి మేలుచేయునది కడుపునకు విషము. వస్తువు మారినది, తప్పు పాతదే.

కావున సోదరీసోదరులకు నా విన్నపములు కొద్దివి. త్రాగు సీసాలో త్రాగరానిదానిని పోయకుడు. పోసినయెడల ఆ సీసాను పిల్లవాని చేతికి తామే యిచ్చినట్లు భావింపుడు. కరిగించు ద్రవమును మందనుకొనకుడు. త్రాగిన బిడ్డను కక్కింపకుడు. ఈ యొక్క మాటను ఇంటిలోని అమ్మమ్మకు, నాయనమ్మకు, పనిమనిషికి గూడ చెప్పుడు. ఏ యింటనైన కోడలు కాలినదని వినినపుడు, స్టవ్వును గూర్చి అడుగుటకు ముందు ఆ యింటి మాటలను గూర్చి అడుగుడు; అంతకంటె మేలు, ఆమె బ్రదికియున్నపుడే అడుగుడు.

మా అమ్మమ్మయింట ఆ లాంతరు ఇప్పటికిని కలదు. చిమ్నీ పగిలినది, వత్తి మాడినది. దాని వెలుతురున మా పెద్దలు భారతము చదివిరి, జాబులు వ్రాసిరి, పాఠములు వల్లెవేసిరి. దాని ప్రక్కనే నిలిచిన సీసా మా యింట నొక బిడ్డను తీసికొనిపోయినది. ఆ రెంటిలో నుండినది ఒకే నూనె. లాంతరులో పోసినపుడు దానిని గూర్చి మాకు తెలిసియుండెను. సోడాసీసాలో పోసినపుడు తెలియదు.